టీకా ధర గారి సముఖానికి

మహారాజశ్రీ టీకా ధర గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనాలి గానీ, మీ కుశలం అడగనక్కర్లేదు. పేదింటికి వెళ్లినప్పుడే మీరు కాస్త ఒళ్లు చేస్తారని విన్నాను.

మా వీధిలో కూరగాయల బండి అతను కారు దిగి వచ్చినవారికి వంకాయలు ఐదు రూపాయలు ఎక్కువ చెబుతాడు, చిల్లర లెక్కపెట్టుకునే ముసలమ్మకు కొసరు వేస్తాడు. పాపం, వాణిజ్యశాస్త్రం చదువుకోలేదు. మీరు చదివారు. అందుకే 2021 మొదట్లో ఒకే ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకాకు ఐరోపా సమాఖ్య దగ్గర డోసుకు సుమారు 2.16 డాలర్లు, దక్షిణాఫ్రికా దగ్గర 5.25 డాలర్లు అడిగారు. ఇదేమిటంటే, ధనిక దేశాలు పరిశోధనకు పెట్టుబడి పెట్టాయి కాబట్టి వాటికి తగ్గింపు అన్నారు. నిజమే. దక్షిణాఫ్రికా జనం ఆ టీకా ప్రయోగాలకు తమ జబ్బలు మాత్రమే ఇచ్చారు. జబ్బలకు జమాఖర్చుల పుస్తకంలో పద్దు ఉండదు కదా!

ఆ ఐరోపా ధరైనా మీ అంతట మీరు చెప్పింది కాదు. 2020 డిసెంబరులో బెల్జియం మంత్రి ఒకావిడ ధరల పట్టికను ట్విట్టర్‌లో పెట్టి, నాలుక కరుచుకుని తీసేశారు. ఉల్లిపాయకు లేని ఘోషా మీకెందుకండీ?

దానగుణం మాత్రం మెండు. 2016లో ఫైజర్ పది లక్షల డోసుల న్యుమోనియా టీకా ఉచితంగా ఇస్తామంటే యుద్ధాల్లో, విపత్తుల్లో వైద్యం చేసే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ వద్దంది, ధర తగ్గించమంది. ఎంత పెంకితనం! దానం అయితే ఇచ్చేవారికి బుద్ధి పుట్టినన్నాళ్లే వస్తుంది, ధర తగ్గితే ఏటా కొనుక్కోవచ్చునట. కొన్ని వారాలకే అత్యవసర సహాయ సంస్థలకు ఫైజర్ ధర తగ్గించింది. అంటే మీకు వంగడం వచ్చు.

ఎదుటి వరుసలో ఇంకో కొట్టు తెరిస్తే ఇంకా బాగా వచ్చు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చాక, అంతవరకు వందల రూపాయలు పలికిన మీరు యాభై దగ్గర ఎంత అణకువగా కూర్చున్నారో! 2010లో పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో మెదడు పొరల వాపును (మెనింజైటిస్-ఎ) ఆపే మెన్‌ఆఫ్రివాక్ టీకా, పుణె తయారీ, అర డాలరు కూడా దాటలేదు. కంపెనీ మూతపడలేదు.

జవాబు రాసేముందు తపాలా బిళ్ల ఎంతదో తెలపగలరు. మా వైపువాళ్లకు వేరే రేటు ఉంటుందేమో.

ఇట్లు,
వరుసలో వెనక నిలబడినవాడు