వరుస స్కాన్ గారికి ఓ విన్నపం

అయ్యా వరుస స్కాన్ గారూ,

నమూనాను రకరకాల కోణాల్లోంచి వెలిగించి తీసిన చిత్రాలను అల్గారిథంతో కలిపి ఒకే స్పష్టమైన చిత్రం చేసే ఫూరియర్ టైకోగ్రఫీ మైక్రోస్కోపులో, ఎల్ఈడీలను ఒక్కొక్కటిగా వెలిగించే తమరి కొలువు ఎంత తీరిగ్గా సాగుతోందో చూసి ముచ్చటేసి రాస్తున్నాం. కింద 15×15 ఎల్ఈడీల పలక, వాటి మధ్య ఎడం 4 మిల్లీమీటర్లు, నమూనాకు దూరం 80 మిల్లీమీటర్లు. పైన 0.1 న్యూమరికల్ అపర్చర్ (ఎంత వాలుగా వచ్చే వెలుగు దాకా లెన్సు అందుకోగలదో చెప్పే అంకె) ఉన్న 4ఎక్స్ ఆబ్జెక్టివ్ లెన్సు. తమరు ఒక ఎల్ఈడీ వెలిగిస్తారు, ఫ్రేము తీస్తారు, ఆర్పేస్తారు, పక్కదాని దగ్గరికి కదులుతారు. ఇలా 225 సార్లు. తొందరేముంది లెండి!

తమరి సమదృష్టి మరీ గొప్పది. నట్టనడుమ ఎల్ఈడీకీ అర సెకను, మూలనున్న దానికీ అర సెకను. నడిమి పదమూడింటి వెలుగు నేరుగా లెన్సులోకి వస్తుంది, ఇవి బ్రైట్‌ఫీల్డ్. వాటికి 10 మిల్లీసెకన్లు చాలు, అర సెకను ఇస్తే కెమెరా తెల్లబోతుంది. మిగతా 212 డార్క్‌ఫీల్డ్. నేరు వెలుగు లెన్సు పక్కనుంచి పోతుంది, నమూనా చెదరగొట్టిన కాసింతే కెమెరాకు దక్కుతుంది. అర సెకను కావలసింది వీటికే. అందుకే నడిమివాటికి ఎక్స్‌పోజర్ కోసేసినా దాదాపు రెండు నిమిషాల్లో ఆదా అయ్యేది ఆరు సెకన్లే.

ఆ రెండు నిమిషాలూ బతికున్న కణం కదలనని తమరికి మాటిచ్చిందా? ఫ్రేములన్నీ ఒకే వస్తువువని అల్గారిథం నమ్ముతుంది. మొదటి ఫ్రేములో ఉన్న కణం ఆఖరి ఫ్రేముకు జరిగిపోతే వచ్చేది మసక. నింద మాత్రం అల్గారిథానికి.

2013లో కాల్టెక్ వాళ్ళు ఈ పద్ధతి తెచ్చినప్పుడు తమరే దిక్కు. మరుసటి ఏడే బర్క్‌లీలో లారా వాలర్ బృందం ఎల్ఈడీలను గుంపులుగా వెలిగించి తమరి పదవికి ఎసరు పెట్టింది. వేర్వేరు ఎల్ఈడీల వెలుగులు ఒకదానితో ఒకటి ఇంటర్‌ఫియర్ కావు. తీవ్రతలు ఊరికే కూడుకుంటాయి, విడదీసే పని కంప్యూటరుది. విడదీయడం ఎలా కుదురుతుందంటారా? తమరు పక్కపక్కన తీసే చిత్రాలు ఫూరియర్ తలంలో (చిత్రంలోని ముతక, సన్న వివరాలను విడివిడిగా పరిచి చూపే పటంలో) దాదాపు 68 శాతం ఒకదానిపై ఒకటి పడతాయి. అంటే తమరు చెప్పిందే చెబుతుంటారు.

డార్క్‌ఫీల్డ్ ఎల్ఈడీలను ఎనిమిదేసి చొప్పున వెలిగిస్తే 27 ఫ్రేములు, పదమూడున్నర సెకన్లు. నడిమి పదమూడింటి బదులు పై, కింద, ఎడమ, కుడి అర్ధవృత్తాలతో నాలుగు ఫ్రేములు. వాటి తేడాల్లోంచి ఫేజ్‌కు (నమూనా గుండా వెళ్ళిన వెలుగు తరంగం ఎంత వెనకబడిందో దానికి) తొలి అంచనా దొరుకుతుంది, నమూనా పలచనిదైతేనే సుమా. 5.5 మెగాపిక్సెల్, 16 బిట్ కెమెరాలో 2.5 గిగాబైట్ల డేటా 340 మెగాబైట్లకు దిగుతుంది. 2015లో ఆ బృందం తమ అమరికతో సెకను లోపే పని ముగించింది.

తమరిని కాదని దూకుడుగా పోయేవాళ్ళనూ వెనకేసుకు రాలేం. బ్రైట్‌ఫీల్డ్ ఎల్ఈడీని డార్క్‌ఫీల్డ్ గుంపులో కలిపేస్తారు. దాని ఫోటాన్ నాయిజ్‌లో (వెలుగు రాకలో సహజంగా ఉండే ఒడిదుడుకుల్లో) అసలు సంకేతం మునిగిపోతుంది, వెలుగును తీసివేయగలం గానీ నాయిజ్‌ను తీసివేయలేం. నడుమనుంచి రెండు గళ్ళ దూరంలో ఉన్న నాలుగు ఎల్ఈడీలు మరీ కొంటెవి: లెన్సు 0.1 అపర్చర్‌కు ఇవి 0.0995 దగ్గర, సరిగ్గా అంచున కూర్చుంటాయి. చిత్రంలో ఒక ముక్కకు బ్రైట్, ఇంకో ముక్కకు డార్క్. వాటిని బ్రైట్‌ఫీల్డ్ వైపే ఉంచాలి. ఇక గుంపులో ఎల్ఈడీలు ఒకదానికొకటి దూరంగా ఉండాలన్నది చాలామందికి ఆఖరున గుర్తొస్తుంది.

చిత్రాన్ని ఒక్కో వరుసగా తీసే రోలింగ్ షట్టర్ కెమెరా సంగతి చెప్పనక్కర్లేదు. అన్ని వరుసలూ తెరుచుకోకముందే ఎల్ఈడీ మారితే ఫ్రేము పైసగం ఒక కోణం, కిందసగం మరో కోణం. ఏ ఎల్ఈడీలు ఎప్పుడు వెలగాలో ఆ జాబితా ముందే మైక్రోకంట్రోలర్‌లో (పలకను నడిపే చిన్న చిప్పులో) ఉంచి, కెమెరా ట్రిగ్గరుతో కట్టేయాలి. ప్రతి ఎల్ఈడీకీ కంప్యూటర్ అనుమతి అడగడం తమరి కాలపు మర్యాద. 1/16 స్కాన్ పలక (ఎల్ఈడీలను పదహారు వంతులుగా మార్చి మార్చి వెలిగించేది) కొన్నవాళ్ళు ఇంకొకటి గమనించరు: ప్రతి ఎల్ఈడీ పదహారో వంతు సమయమే వెలుగుతుంది, పైగా ఎక్స్‌పోజర్ తగ్గితే చారలు.

తమరికి పూర్తి విశ్రాంతి ఏమీ లేదు. పలక వంగిందా, జరిగిందా అని తేల్చడానికీ, గుంపు చిత్రాలను సరిచూడటానికీ కదలని టార్గెట్ స్లయిడ్ మీద అప్పుడప్పుడూ రండి. వచ్చేటప్పుడు ఆ నడిమి పదమూడింటికి 10 మిల్లీసెకన్లు పెట్టుకుని రండి.

ఇట్లు,
తమరి ప్రోగ్రెస్ బార్ ముందు కూర్చున్నవాళ్ళు