బియ్యం కాటా మీద హెలికాప్టర్

మా ఆవిడ బరువెంతో ముప్పై నాలుగేళ్ల కాపురంలో నాకు తెలియలేదు. తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. హెలికాప్టర్ ఎక్కాలని బుద్ధి పుట్టాకే ఆ అవసరం వచ్చిపడింది.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. వచ్చే నెల మేము వెళ్లినప్పుడు గ్రాండ్ క్యాన్యన్ లోయను ఆకాశం నుంచి చూపిస్తానంది. ఏ టూరు కావాలో మీరే చూసుకుని వివరాలు నింపండని రెండు లింకులు పంపింది. బైరాగిపట్టెడలో మా డాబా మీద, ఎదురుగా శేషాచలం కొండలు కనిపిస్తుండగా, ఫోను పట్టుకుని కూర్చున్నాను. లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒక మైలుకు పైనే. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని, అంకెలు కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేను. కొంప ముంచింది ఆ అలవాటే.

లాస్ వేగాస్ నుంచి పడమటి అంచుకు పోయే హెలికాప్టర్ హువాలపాయ్ తెగవారి నేల మీద, లోయ అడుగున దింపుతుంది. దక్షిణపు అంచు దగ్గర ఎక్కేది నేషనల్ పార్కు మీద తిప్పి తెస్తుంది. అక్కడ అంచు కిందికి దిగనివ్వరు గానీ, లోయ వైభవమంతా అటువైపే. నా మనసు దక్షిణానికే మొగ్గింది. నోరు మూసుకుని డబ్బు కట్టేస్తే సరిపోయేది.

"ఇది విన్నావా? అక్కడ ఒక శిఖరం పేరు విష్ణు టెంపుల్ అట. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడట!"

చేటలో బియ్యం ఏరుతున్న చేయి ఆగింది. "దాని మీదుగా ఎగురుతామా?"

"గుడి కాదే, అది ఉత్త కొండ."

"ఇది మాత్రం కొండ కాదా?" అంది శేషాచలం వైపు చూపిస్తూ.

తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడకు విమానమంటే మొదట ఆనంద నిలయం మీది బంగారు విమానమే. దాని మీదుగా ఏదీ ఎగరకూడదని ఆగమం. ఆ ఆగమం ఆ లోయ ఉన్న ఆరిజోనాకు వర్తించదని వాదించేంత చదువు నాకు లేదు. పడమర ఖాయమైంది.

"అయినా రాతి పొరలు చూడటానికి అంత డబ్బా? మన ఘాట్ రోడ్డులో లేవా?" అంది మళ్లీ.

ఉన్నాయి, అదే చిక్కు. ముసలి శిల మీద దానికంటే ఎంతో చిన్న శిల కూర్చుని, మధ్యలోని కోట్ల ఏళ్ల చరిత్ర ఒక గీతగా మిగిలిన చోటు తిరుమల దారిలో ఉంది. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. గ్రాండ్ క్యాన్యన్‌లోనూ అలాంటి గీత ఒకటి ప్రసిద్ధం. మన గీతను నేను కొన్ని వందల సార్లు దాటి ఉంటాను, మలుపులకు కడుపులో తిప్పి ప్రతిసారీ కళ్లు మూసుకునే. అక్కడి గీత కింద ఉండే ఒక శిల పేరు కూడా విష్ణు అని ఆ రాత్రే చదివాను. ఆ ముక్క మాత్రం పైకి చదవలేదు. చెప్పులతో తొక్కవచ్చా అనే ప్రశ్న వస్తే ప్రయాణమే ఆగిపోతుంది.

ఫారంలో మూడో గడి: బరువు, బట్టలతో సహా.

"నీదెంత?"

"అరవై రెండు." తడుముకోలేదు. ఫోను నంబరు చెప్పినంత సులువుగా చెప్పింది. నాది డెబ్బై ఎనిమిదని వేసి పంపేశాను.

తెల్లవారేసరికి జవాబు వచ్చింది. పిల్లలిద్దరికీ సంతోషంగా ఆహ్వానం పలుకుతున్నాం, వారి వెంట వచ్చే పెద్దవారి వివరాలు కూడా పంపగలరు అని. అమ్మాయికి ఫోన్ చేస్తే నవ్వు ఆపుకోవడానికి దానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ గడి పౌన్లదట. అరవై రెండు పౌన్లంటే ఇరవై ఎనిమిది కిలోలు.

"సరిగ్గా చూసి రాయండి నాన్నా. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో బరువులు సరిచూసి వాళ్లే చెబుతారు. మరీ ఎక్కువైతే రెండో సీటుకూ డబ్బు కట్టాలి. పైగా అక్కడ ఎక్కేముందు మళ్లీ తూస్తారు."

ఆ చివరి మాట వినగానే మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా ఇంట్లో బరువు చూసుకునే యంత్రం ఉంది. నేను ఎక్కినా అరవై రెండే, ఇద్దరం కలిసి ఎక్కినా అరవై రెండే, దిగిపోయినా అరవై రెండే. అమ్మాయికి వీసా వచ్చిన ఏడాది తిరుమలలో మా ఆవిడ తన ఎత్తు పటికబెల్లం తులాభారం ఇచ్చింది. డబ్బు కట్టింది నేనే. కట్టిన మొత్తాన్ని కిలో ధరతో భాగిస్తే లెక్క తేలిపోయేది. లక్షల పద్దులు సరిచూసిన నాకు ఆ ఒక్క భాగహారం చేసే ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే, "మొక్కు కదా, కాస్త మొగ్గుగానే తూస్తారు" అంది.

చివరికి వీధి చివర బియ్యం కొట్టుకు వెళ్లాం. బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా, వీధిలోకి తిరిగి ఉన్న ఎర్ర అంకెలు. ఆవిడ చెప్పులు విడిచింది. చేతిసంచి నాకిచ్చింది. గాజులు కూడా తీయబోయి, నలుగురూ చూస్తున్నారని మానుకుంది. కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని ఎక్కింది.

79.350.

కొట్టాయన మర్యాదస్తుడు. "చీరకు కిలో తరుగు తీసేద్దాం లేమ్మా, గోనె సంచికి తీసినట్టే" అన్నాడు. ఆ పోలిక ఎందుకు నచ్చలేదో పాపం ఆయనకు అర్థం కాలేదు.

"మీరూ ఎక్కండి" అంది నా వైపు చూడకుండానే.

"నాది తెలుసుగా, డెబ్బై..."

"ఎక్కండి."

93.800. ఆవిడ ఆ అంకెను వీధి వీధంతా వినేలా పైకి చదివింది. చదివే అలవాటు నాకొక్కడికే ఉందనుకున్నాను.

రాత్రి అమ్మాయి ఫోన్ చేస్తే ఆవిడే అందుకుంది. "నాన్నది తొంభై నాలుగు కిలోలు, రాసుకో. నాదా? ముందు చెప్పినదానికి ఓ పది కలుపు."

"కిలోలా, పౌన్లా అమ్మా?"

"వాళ్లకు ఏది అలవాటైతే అదే."