‘బరువు తగ్గాలి’ అని రాస్తే వైద్యం అయిపోయినట్టేనా?

మందులన్నీ రాశాక, చీటీ అడుగున, సంతకానికి పైన మిగిలిన కాస్త జాగాలో డాక్టర్లు ఇరికించే మాట ఒకటుంది: ‘బరువు తగ్గాలి’. కొందరైతే దాని కింద రెండు గీతలు కూడా గీస్తారు. గీత గీస్తే కిలో తగ్గుతుందని నమ్మకం కాబోలు.

నేను డైటీషియన్‌ని. ఆ చీటీ పట్టుకుని నా గదికి వచ్చినవాళ్లకి నేను ఇవ్వాల్సింది ఒక జిరాక్స్ కాగితం. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు, నూనె తగ్గించాలి, రోజూ నడవాలి. ఎండలో గోడలు కట్టే తాపీ మేస్త్రీకీ అదే కాగితం, గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే అమ్మాయికీ అదే. మూడు నెలల తర్వాత బరువు తగ్గకుండా వస్తే మాత్రం తప్పంతా వాళ్లదే. ‘నోరు కట్టుకోలేకపోతున్నారమ్మా’ అని డాక్టర్లు అందరి ముందూ అనేస్తారు. ఆ మాటకి నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకు మండుతుందంటే, ఇలా అనేవాళ్లే సదస్సుల్లో ‘మాత్రల కంటే తిండి, నడకే మేలు, సైన్స్ తేల్చేసింది’ అని స్లయిడ్ వేస్తారు. అవును, తేల్చింది. ఆ అధ్యయనంలో అసలేం చేశారో కూడా ఒక స్లయిడ్ వేస్తే బాగుండేది.

అది అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్. ఫలితాలు 2002లో వచ్చాయి. 27 కేంద్రాల్లో 3,234 మంది, అందరూ షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో షుగర్ రావడం 31 శాతం తగ్గితే, తిండి, వ్యాయామం మార్చుకున్నవాళ్లలో 58 శాతం తగ్గింది. స్లయిడ్ ఇక్కడితో ఆగిపోతుంది. ఆ 58 వెనకున్న చాకిరీ అందులో కనిపించదు. ఒక్కొక్కరికీ ఒక కోచ్. మొదటి ఆరు నెలల్లో ఆ కోచ్ ఎదురుగా కూర్చుని చెప్పే 16 పాఠాలు. పోషకాల పట్టిక చదివించి పంపేయడం కాదు. హోటల్‌కి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలి, టెన్షన్‌లో తినేస్తుంటే ఏం చెయ్యాలి, ఒక వారం అంతా గాడి తప్పితే మళ్లీ ఎలా మొదలుపెట్టాలి, ఇవీ పాఠాలు. తిన్నది వాళ్లు రాసుకురావాలి, రాసింది కోచ్ చూడాలి. పాఠాలయ్యాక కూడా పలకరింపు ఆగలేదు. పెట్టుకున్న లక్ష్యాలు రెండే: ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం.

ఇంతా చేస్తే ఆ గుంపులో సగటున తగ్గిన బరువెంతో తెలుసా? 5.6 కిలోలు. యూట్యూబ్‌లో ‘నెలకి పదిహేను కిలోలు’ అని అరిచేవాళ్లు ఈ అంకె చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. షుగర్‌ని సగానికి పైగా ఆపింది ఆ ఐదున్నర కిలోలే.

మనవాళ్లు ఇందులోంచి ఫలితం ఒక్కటే తెచ్చుకున్నారు, పనిని అక్కడే వదిలేశారు. పాఠాలు ఎగ్గొట్టి పరీక్ష మాత్రం పెట్టి, ఫెయిలైన పిల్లాణ్ని తిట్టే మాస్టారి బాపతు ఇది.

‘అమెరికా వాళ్లకి డబ్బుంది, చేశారు’ అంటారా? సరే, చెన్నైకి రండి. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందితో చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. నా మటుకు, మన తెలుగు డాక్టర్లు గోడకి అంటించుకోవాల్సింది అమెరికా అధ్యయనం కాదు, ఇదీ. అమెరికాలో చేరినవాళ్ల సగటు బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 34. చెన్నైలో దాదాపు 26, అంటే వీధిలో చూస్తే మనం ‘లావు’ అనని మనుషులు. అయినా ప్రత్యేక చికిత్సేదీ ఇవ్వని గుంపులో మూడేళ్లలో ఎంతమందికి షుగర్ వచ్చిందో చూడండి: అక్కడ సుమారు 29 శాతం, ఇక్కడ 55 శాతం. ‘నువ్వేం లావున్నావే, నీకెందుకొస్తుంది షుగరు’ అని ధైర్యం చెప్పే చుట్టాలందరికీ ఈ అంకె వినిపించాలి. మన ఒంట్లో కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటిన నడుము చుట్టుకొలత కాటా కంటే ముందు ప్రమాదం చెబుతుంది. టైలర్ దగ్గరుండే టేపు చాలు దానికి. కానీ ఓపీలో టేపు తీసిన డాక్టర్‌ని నేను చాలా అరుదుగా చూశాను.

చెన్నై అధ్యయనంలో అసలు విశేషం వేరే ఉంది. తిండి, నడక మార్చుకున్న గుంపులో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది, కానీ వాళ్ల సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు! కాటా కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంది. మరి మూడు నెలలు రోజూ నడిచి, పంచదార మానేసి, కాటా మీద అర కిలో కూడా తగ్గని మనిషిని ‘మీరేం చెయ్యట్లేదు’ అని తిట్టి పంపిస్తే ఏం జరుగుతుంది? ఆ నడక కూడా మానేస్తారు. నా కళ్ల ముందే ఎంతమంది మానేశారో.

ఈ అధ్యయనంలో ఖర్చు భయంకరంగా ఏమీ లేదు. ఆరు నెలలకోసారి ఎదురుగా కూర్చుని మాట్లాడటం, మధ్యలో నెలనెలా ఒక ఫోన్ కాల్. అంతే. ఆ తర్వాత అదే బృందం ఇంకా చవకైనది చేసింది, 2013లో ప్రచురించింది. షుగర్ అంచున ఉన్న, ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్లు. అందరికీ మొదట్లో ఒకసారి సలహా చెప్పారు. సగం మందికి అక్కడితో సరి. మిగతా సగానికి క్రమం తప్పకుండా ఫోన్‌కి మెసేజ్‌లు పంపారు, తిండి గురించి, నడక గురించి. రెండేళ్లలో సలహా ఒక్కటే విన్నవాళ్లలో 27 శాతానికి షుగర్ వచ్చింది. మెసేజ్‌లు అందినవాళ్లలో 18 శాతానికి. ఒకసారి చెప్పి వదిలేయడానికీ, వెంట ఉండటానికీ ఉన్న తేడా అది. మన ఆస్పత్రులు మెసేజ్‌లు పంపవా అంటే పంపుతాయి. పండగ శుభాకాంక్షలు, మాస్టర్ హెల్త్ చెకప్ మీద డిస్కౌంట్లు.

ఇక ‘నోరు కట్టుకోలేరు’ అనే మాట సంగతి. మెల్‌బోర్న్‌లో 50 మందికి పది వారాలు చాలా తక్కువ కేలరీల తిండి పెట్టి బరువు తగ్గించి, వాళ్ల ఆకలి హార్మోన్లు కొలిచారు. 2011లో వచ్చిన ఫలితం: ఏడాది గడిచాక కూడా ఆకలి పెంచే హార్మోను పైనే ఉంది, ‘చాలు’ అని చెప్పే హార్మోన్లు కిందే ఉన్నాయి. బరువు తగ్గిన ఒళ్లు ఏడాది పాటు ‘తిను, తిను’ అని మొత్తుకుంటూనే ఉంటుందన్నమాట. దానికి ఎదురు నిలబడుతున్న మనిషిని పెళ్లి భోజనాల దగ్గర ‘మళ్లీ ఒళ్లు చేశావే’ అని పలకరించే పిన్నిగార్లకి నా నమస్కారం.

ఆడవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ‘మేడమ్, మా ఇంట్లో నేనొక్కదాన్నే పుల్కా చేసుకుంటే మా అత్తగారు మూతి ముడుస్తారు’ అంటుంది ఒకావిడ. ఇంకొకావిడకి పొద్దున ఐదింటికి నడవమని చీటీలో రాశారు. ఐదింటికి ఆవిడ పిల్లల బాక్సులు కడుతుంది. సాయంత్రం నడుద్దామంటే వాళ్ల వీధిలో ఫుట్‌పాత్ లేదు, ఉన్న రోడ్డు మీద కుక్కలు. ఈవిడకి కావాల్సింది జిరాక్స్ కాగితం కాదు. ఆవిడ రోజులో అరగంట ఎక్కడ దొరుకుతుందో పక్కన కూర్చుని వెతికే మనిషి కావాలి. రేషన్ బియ్యం మీద బతికే ఇంటికి వెళ్లి ‘అన్నం మానెయ్యండి, క్వినోవా తినండి’ అని చెప్పేవాళ్ల గురించి నేను మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

అన్ని అధ్యయనాలూ నా వైపే ఉన్నాయని చెప్పను. అమెరికాలోనే లుక్ అహెడ్ అని షుగర్ ఉన్న 5,145 మందితో తిండి, వ్యాయామం మీద పెద్ద అధ్యయనం జరిగింది. బరువు బాగానే తగ్గారు, మొదటి ఏడాది 8.6 శాతం. కానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని తేలి 2012లో ఆపేశారు. దీన్ని చూపించి ‘దండగ’ అన్నవాళ్లున్నారు. నేను అనను. వాళ్లలో నిద్రలో ఊపిరి ఆగే సమస్య తగ్గింది, నడవగలిగే శక్తి మెరుగ్గా నిలిచింది, మందుల అవసరం తగ్గింది. కింద కూర్చుంటే లేవలేని మనిషికి అది చిన్న విషయమా?

కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1,007 మందితో, పక్కింటివాళ్లే నడిపించే గుంపులు పెట్టి చూశారు. రెండేళ్లలో షుగర్ వచ్చినవాళ్లు ఆ గుంపుల్లో 14.9 శాతం, గుంపుల్లో లేనివాళ్లలో 17.1. గణాంకాల లెక్కలో దాన్ని గెలుపు అనరు. అయినా నాకు ఆ పద్ధతి మీద ఆశ ఉంది. ఎందుకంటే మనకి డ్వాక్రా సంఘాలున్నాయి. అప్పు వాయిదాల లెక్క కోసం ఎలాగూ కూర్చునే ఆడవాళ్లు అదే రోజు నడుము కొలుచుకుంటే తప్పేంటి? కేరళ కంటే గట్టిగా, ఎక్కువకాలం చేసి చూడొచ్చు.

‘ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయిగా’ అంటారు. 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాక నా ఫోన్‌కి విశ్రాంతి లేదు. అవి పనిచేస్తాయి, నాకు అభ్యంతరం లేదు, అవసరమైనవాళ్లు వాడాలి. కానీ సెమాగ్లూటైడ్ (వెగోవీలో ఉండే మందు) ఆపినవాళ్లని గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొచ్చింది. అంటే ఇక్కడా వెంట ఒక మనిషి ఉండాల్సిందే.

ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్న దగ్గర అంతా ఆగిపోతోంది. బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులుంటే, షరతుల మీద బేరియాట్రిక్ సర్జరీకి, అంటే బరువు తగ్గించే ఆపరేషన్‌కి, ఇన్సూరెన్స్ వస్తుంది. అదే మనిషి బీఎంఐ 27 దగ్గరున్నప్పుడు నెలనెలా ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారండీ, నడుస్తున్నారా’ అని అడిగే పనికి నేను చూసిన ఏ పాలసీలోనూ పైసా లేదు. మా బిల్లింగ్ కౌంటర్‌లో దానికి ఒక కోడ్ పెట్టమని అడిగాను. ‘అలాంటి సర్వీస్ సిస్టమ్‌లో లేదు మేడమ్’ అన్నారు.