నానో కణాలు సరే, సరస్సు నీళ్లలో పనిచేస్తాయా?
నానో పదార్థాలు, అంటే కంటికి కనిపించనంత సన్నని కణాలు, వస్తే తాగునీటిలో నాచు విషాల బెడద తీరిపోతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నాకైతే అంత నమ్మకం లేదు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నాచు వల్ల అమెరికాలోని టొలీడో నగరం కుళాయి నీళ్లలో మైక్రోసిస్టిన్ అనే నాచు విషం బయటపడినప్పుడు మేం అక్కడే ఉన్నాం. 4 లక్షల మందికి పైగా ఆ నీళ్లు తాగొద్దన్నారు. కాచి చల్లార్చి తాగితే ఏమీ కాదనుకోవడం మనవాళ్లకు అలవాటు కదా, ఈ విషం కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పసిదానికి పాలు కలపడానికి సీసా నీళ్ల కోసం పక్క ఊళ్ల దుకాణాలు తిరిగాం, ఎక్కడ చూసినా ఖాళీ అరలే. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. టైటానియం డయాక్సైడ్ నానో కణాల మీద అతినీలలోహిత కాంతి పడితే మైక్రోసిస్టిన్ విరిగిపోతుందన్నది నిజమే. కానీ సరస్సు నీళ్లలో కుళ్లిన ఆకుల నుంచి దిగిన సేంద్రియ పదార్థం చాలా ఉంటుంది. అది కాంతిని అడ్డుకుంటుంది, విషంతో పాటు తనూ ఆ చర్యకు పోటీ పడుతుంది. ల్యాబ్‌లో శుద్ధమైన నీళ్లతో వచ్చిన ఫలితం అక్కడ రాదు. పని అయ్యాక ఆ కణాలను నీళ్లలోంచి పూర్తిగా తీయాలి కూడా, దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఈలోగా విషాన్ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) పొడి చేతిలోనే ఉంది. పొలాల నుంచి మామీ నది ఈరీ సరస్సులోకి మోసుకొచ్చే, నాచుకు ఎరువయ్యే ఫాస్ఫరస్‌ను తగ్గిస్తే అసలు నాచే అంతగా పెరగదు.