వినతి పత్రం గారికి ఒక వినతి

మహారాజశ్రీ వినతి పత్రం గారి దివ్య సముఖమునకు,

విషయం: తమరు అడగవలసినది అడగకుండా ఊరేగుచుండుట గురించి.
సూచిక: గత సోమవారం కలెక్టరేట్‌లో తమరి దర్శనం. అంతకుముందు సోమవారం కూడా అదే.

అయ్యా,

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా... ఈ "ఏమనగా" దాకా రావడానికే మీకు సగం పేజీ పడుతుంది. కాబట్టి మేం ఇక్కడే గ్రాంథికం ఆపి మామూలు మాటల్లోకి దిగుతున్నాం.

మీ జన్మస్థానం ఊరూరా ఒకటే. తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా ఉండే డీటీపీ సెంటర్. పోయినేడాది ఇంకెవరి కోసమో కొట్టిన ఫైలు తెరుస్తారు, ఊరి పేరు మారుస్తారు, తేదీ మారుస్తారు (అది మరిచిపోయిన సందర్భాలూ ఉన్నాయి), ప్రింటు తీస్తారు. అందుకే తాగునీటి కోసం పుట్టిన మీలో మూడో పేరాకొచ్చేసరికి హఠాత్తుగా "సదరు శ్మశానవాటిక ప్రహరీ" ప్రత్యక్షమవుతుంది. ఆఖరి వాక్యానికి మాత్రం ఏ ఊళ్లోనూ మార్పు లేదు: "కావున సంబంధిత అధికారులు వెంటనే స్పందించి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన."

మీ ప్రాణమంతా ఈ వాక్యంలోనే ఉంది, నిదానంగా చదువుకోండి. సంబంధిత అధికారి ఎవరో మీరు చెప్పలేదు. వెంటనే అంటే ఏ తేదీలోగానో చెప్పలేదు. తగు చర్య ఏమిటో కూడా వాళ్లనే ఆలోచించుకోమన్నారు. మీరింత మర్యాదగా అడిగాక అవతలివాళ్లు మాత్రం మర్యాద తప్పుతారా? "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని మీ నెత్తిన రాసి కింది ఆఫీసుకు పంపుతారు. అడిగిందే చేశారు. వాళ్లను తిట్టడానికి మాకు నోరు రావడం లేదు.

ఫోటో సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం. పదకొండు చేతులు పట్టుకున్నా చిరగని కాగితం ప్రపంచంలో మీరొక్కరే. కానీ ఫోటో దిగాక మిమ్మల్ని వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, నకలు మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలన్న సంగతి ఆ పదకొండు మందిలో ఒక్కరికీ గుర్తుండదు. మర్నాడు జిల్లా పేజీలో మీరు కనిపిస్తారు, ఆఫీసు రికార్డులో మాత్రం కనిపించరు. ఆర్నెల్ల తర్వాత అడిగితే "అలాంటి అర్జీ అందలేదు" అంటారు. అదీ నిజమే.

ఇక మీకు అత్యంత ఇష్టమైన కోరిక చూద్దాం: "మా ఊరి దగ్గర హైవే మీద తరచూ ప్రమాదాలు జరుగుతున్నాయి, స్పీడ్ బ్రేకర్ వేయించగలరు." సోమవారం ఇస్తారు. తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే నిన్నటి స్పందనలో, నేటి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో. పేరు మారినా వారం మారలేదు. అక్కణ్ణుంచి మీరు రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖకు, అంటే ఆర్ అండ్ బీకి వెళ్తారు. వాళ్లు కొద్దిరోజులకు "సదరు రోడ్డు మా పరిధిలో లేదు" అని రాసి మూసేస్తారు. అర్జీదారు ఫోన్‌కు "మీ సమస్య పరిష్కరించబడినది" అని సందేశం వస్తుంది. రోడ్డు మీద ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మీరు బయల్దేరేముందు కిలోమీటరు రాయిని ఒకసారి చూసి ఉండాల్సింది. దాని నెత్తి పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. పసుపు అయితే కోరిక మొదటి పదంలోనే తప్పింది. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని, ఉన్నవి తీసేయాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లోనే ఆదేశించింది. అంటే ఏ అధికారీ ఇవ్వలేనిదాన్ని, ఇచ్చే అధికారం లేనివాళ్లను, గడువు చెప్పకుండా అడిగారన్నమాట. మూడు తప్పులు ఒకే వాక్యంలో ఇమడ్చడం కూడా ఒక విద్యే.

అదే కోరికకు ఇంకో దారి ఉంది. మీకు బొత్తిగా గిట్టని దారి, ఎందుకంటే అందులో విశేషణాలుండవు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలో "బ్లాక్ స్పాట్" (ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు) అనే మాటకు కొలత ఉంది: సుమారు 500 మీటర్ల పరిధిలో, గత మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో కలిపి, ప్రాణాలు పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగి ఉండాలి. లేదా ఆ మూడేళ్లలో మొత్తం 10 మంది చనిపోయి ఉండాలి. "తరచూ", "అనేకమంది", "అమాయకులు" అన్న మాటలు ఈ కొలతలోకి రావు. ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, కిలోమీటరు, మృతులు, తీవ్రంగా గాయపడినవాళ్లు. ఈ ఐదు గడుల పట్టిక ఒక్కటి వేసుకుంటే అర పేజీ చాలు.

పట్టిక వేసేవాళ్లు ఎక్కడ బోల్తా పడతారో కూడా చెప్తాం. ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు కిలోమీటర్లలో జరిగినవన్నీ కలిపేస్తారు. అధికారి 500 మీటర్ల చొప్పున ముక్కలు కోయగానే ఏ ముక్కలోనూ ఐదు మిగలవు. మోకాలు గీసుకున్న ప్రమాదాలు కూడా చేర్చి సంఖ్య పెంచుతారు. అవి తీసేశాక మిగతా పట్టిక మీద కూడా నమ్మకం పోతుంది. ఇంకోటి, ఎఫ్ఐఆర్‌లో "గ్రామ శివారున" అని మాత్రమే ఉంటుంది. శివారుకు కిలోమీటరు నంబరు ఉండదు కదా. పంచనామాలో దగ్గరి రాయో, కల్వర్టో, పెట్రోల్ బంకో రాసి ఉంటుంది, అది పట్టుకుని స్థలం గుర్తించుకోవాలి.

ఈ పట్టికతో వెళ్లాల్సింది ఆ రోడ్డును చూసే జాతీయ రహదారుల ప్రాజెక్ట్ డైరెక్టర్ దగ్గరికి. నకలు వెళ్లాల్సింది కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి. అడగాల్సింది మొదట ఒక్కటే: అధికారులంతా కలిసి వచ్చి చోటు చూసే జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు తేదీ. బండిని గడగడలాడించే గీతలా (రంబుల్ స్ట్రిప్స్), మినుకుమినుకుమనే హెచ్చరిక దీపాలా, రోడ్డు మధ్య డివైడర్‌లో ఉన్న కంత మూసేయడమా అన్నది వాళ్లొచ్చి నిలబడి చూశాక తేలుతుంది. తేదీ అడిగితే కాదనడం కష్టం. కాదంటే ఆ మాట కాగితం మీదికి వస్తుంది, అది మనకే లాభం.

నకళ్ల మాట వచ్చింది కాబట్టి మీ తోక గురించి కూడా. "ప్రతులు:" అని మొదలుపెట్టి ముఖ్యమంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, కలెక్టర్, ఎస్పీ, ఆర్డీఓ, తహసీల్దార్, ఎంపీడీఓ, పత్రికా విలేకరులు అని తొమ్మిది మందికి పంపుతారు. తొమ్మిది కాగితాలూ చివరికి ఒకే గుమాస్తా బల్ల మీదికి వేర్వేరు నంబర్లతో దిగుతాయి. ఆయన ఒకదానికి జవాబు రాసి మిగతా ఎనిమిదింటికీ అదే అంటిస్తాడు. తిలాపాపం తలా పిడికెడు. మరుసటి నెల ఆ అధికారికి బదిలీ అయితే మళ్లీ రెడ్డొచ్చె మొదలాడు.

ఇప్పుడు సంతకాలు. "పదివేల సంతకాలతో" అని మీరు గర్వంగా చెప్పుకుంటారు. మూడో పేజీ నుంచి ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఇంటిపేరు వరసగా నలభైసార్లు. ఇందులో మీరు ఒంటరి కాదు లెండి. 1848లో ఇంగ్లండులో ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు 57 లక్షల సంతకాలని పార్లమెంటుకు మోసుకెళ్తే, అక్కడి గుమాస్తాలు లెక్కపెట్టి 20 లక్షలు కూడా లేవని తేల్చారు. అందులో విక్టోరియా రాణి సంతకం ఉంది, వెల్లింగ్టన్ ప్రభువుది ఉంది, "చప్పిడి ముక్కు" అనే ఆసామిది కూడా ఉంది. ఓటు హక్కు అడిగిన అసలైన లక్షల మంది సంతకాలు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయాయి. సంతకం పక్కన చిరునామా ఎందుకు అడుగుతారో ఇప్పుడైనా తెలిసిందా?

పోనీ ఆన్‌లైన్‌లో దిద్దుబాటు జరిగిందా అంటే, అక్కడ మీరు ఇంకాస్త తేలికయ్యారు. బ్రిటన్ పార్లమెంటు సైటులో 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబివ్వాలి, లక్ష దాటితే చర్చకు పరిశీలించాలి అన్న లెక్క ఒకటుంది. అక్కడ కూడా 2019లో ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగడం మానుకోమని 61 లక్షల మంది అడిగితే చర్చ జరిగింది, సరిగ్గా ఏప్రిల్ 1న. జవాబు: మానుకోం. మన దగ్గర ప్రైవేటు సైట్లలో ఎన్ని లక్షలు దాటినా ఎవరూ జవాబివ్వాలన్న నియమం లేదు. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు నొక్కినా, ఊళ్లో ఉన్న మేనమామ నొక్కినా మీకు అంకె పెరగడమే ఆనందం. వార్డు కాలవ కోసం ఖండాంతరాల్లో సంతకాలు సేకరించి వార్డు ఓటర్లు ఎంతమందో చెప్పలేని స్థితి మీది.

కేంద్రం ఫిర్యాదుల పోర్టల్‌లోకి వెళ్లినప్పుడు మీకు ఎదురయ్యే అవమానం వేరు. అక్కడ 21 రోజుల్లో పరిష్కారమని 2024లో గడువు పెట్టారు, బాగానే ఉంది. కానీ ఏవి తీసుకోరో ఆ పోర్టల్‌లోనే రాసి ఉంటుంది: కోర్టులో ఉన్నవి, సమాచార హక్కువి, ఇంకా... సూచనలు. నా పింఛను ఆగింది అంటే ఫిర్యాదు. పింఛను నియమం మార్చండి అంటే సూచన. విధానం మార్చమని అడిగే ప్రతిసారీ మీరు ఈ గడపకే తల కొట్టుకుని "క్లోజ్" అయిపోతారు. తప్పు తలుపు తట్టడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు.

విధానం మార్చమనడానికి తలుపులు వేరే ఉన్నాయి, వాటికి గొళ్లేలు కూడా వేరే. లోక్‌సభకు ఎంపీ ద్వారా ఇస్తే ఆ ఎంపీ మీ మీద ఎదురు సంతకం పెట్టాలి. తెలుగులో రాస్తే హిందీ అనువాదమో ఇంగ్లీషు అనువాదమో జతచేసి దాని మీదా సంతకం చేయాలి. సంతకాలు ఒక షీటు దాటితే ప్రతి షీటు పైనా కోరికను మళ్లీ రాయాలి. ఇది గొప్ప నియమం. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుని తర్వాత పైన ఏదో ఒకటి కుట్టే మీ అలవాటు తెలిసినవాళ్లే రాసి ఉంటారు. పత్రికల కటింగులు, అఫిడవిట్లు జతచేయకూడదు. భాష గౌరవంగా, నిగ్రహంగా ఉండాలి. కాబట్టి "కుంభకర్ణ నిద్ర" అనే మీ ఆస్థాన ఉపమానం గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో తలుపు, ప్రభుత్వమే అభిప్రాయాలు అడిగినప్పుడు తెరుచుకునేది. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 118 పేజీల చర్చాపత్రం విడుదల చేసి 20 ప్రశ్నలు వేసింది. ఇంటర్నెట్‌ను అందరికీ సమానంగా ఉంచాలన్న ప్రచారకులు కూర్చుని ఆ 20 ప్రశ్నలకూ జవాబులు రాసి ముసాయిదా మెయిల్‌గా జనానికిచ్చారు. పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ ఇంకో పత్రంలో నాలుగే నాలుగు ప్రశ్నలు అడిగింది. ఈసారి ఫేస్‌బుక్, ఎంచిన కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్ కోసం వాడుకరుల చేత లక్షల్లో మెయిళ్లు పంపించింది. వాటిలో ఫ్రీ బేసిక్స్ బాగుందని ఉంది, ప్రశ్నలకు జవాబు లేదు. ట్రాయ్ ఆ మాటే చెప్పి, అడిగినవాటికి జవాబు రాయించమంది. 2016 ఫిబ్రవరి 8న వెబ్‌సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు వసూలు చేయకూడదని నిబంధన వచ్చింది. రెండు గుంపులూ మెయిళ్లు లక్షల్లోనే పంపాయని గమనించగలరు.

మీ వంశం మొదటినుంచీ ఇంతేనా అంటే, కాదు. 1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి గారి మద్రాస్ నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీ మీ ముత్తాత. అదాటున పుట్టింది కాదది. మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీకి పాలన అప్పగించిన చార్టర్ గడువు తీరబోతోంది, పార్లమెంటులో చర్చ తప్పదు. ఆ అదను చూసి పంపారు. రైతుల మీద పన్నుల భారం, కోర్టుల జాప్యం విడివిడిగా రాశారు. 1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు వస్తే ఆయన్ని తీసుకెళ్లి జిల్లాల్లో చూపించారు. శిస్తు వసూలుకు రైతుల్ని హింసిస్తున్నారన్న మాట పార్లమెంటులో లేచింది. 1854లో విచారణ సంఘం వేశారు, 1855లో నివేదిక వచ్చింది. రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే "కిట్టి" దాకా అందులో పేరు పెట్టి రాశారు. ఆ అర్జీని పదకొండు మంది పట్టుకున్న ఫోటో మాత్రం లేదు, పాపం.

చివరగా, మీరు ఇచ్చిన నెల తర్వాత కూడా చప్పుడు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. అందులో కూడా మీరు "ఎందుకు చర్య తీసుకోలేదు?" అని రాసి పాడుచేస్తారు. ఎందుకు అన్నదానికి రికార్డు ఉండదు, కాబట్టి సమాచారం లేదంటారు. "ఫలానా తేదీ, ఫలానా ఇన్‌వర్డ్ నంబరు గల అర్జీ ఏ తేదీల్లో ఏ సెక్షన్‌లో ఉంది, నోట్‌ఫైల్ (అధికారులు దాని మీద రాసుకున్న నోట్లు) నకలు ఇవ్వండి" అంటే 30 రోజుల్లో కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఇన్‌వర్డ్ నంబరు లేదా? ఫోటో దిగిన పదకొండు మందిని అడగండి.

కావున తమరు వచ్చే సోమవారం బయల్దేరేముందు ఒక అధికారి హోదా, ఒక పని, ఒక తేదీ ఒంటి మీద రాయించుకుని రావలెనని ప్రార్థన. తగు చర్య తీసుకోనక్కర్లేదు.

ఇట్లు,
తమరిని మోసి మోసి భుజాలు కాయలు కాసిన విధేయులు

జతపరచినవి: పోయినేడాది తమరే (1 పేజీ, తేదీ మార్చనిది), సంతకాలు లేని సంతకాల షీట్లు (12).