బెర్గూన్ పంచాయతీ వారికి ఒక బాధితుడి విన్నపం

ప్రపంచంలో ఎన్నో ప్రభుత్వాలు ఉన్నాయి. నా బాధను గుర్తించి చట్టం చేసినది మాత్రం ఒక్కటే. అది స్విట్జర్లాండ్‌లో, గ్రౌబుండెన్ రాష్ట్రంలో, 1,367 మీటర్ల ఎత్తున ఉన్న బెర్గూన్ అనే కొండపల్లె పంచాయతీ. 2017 మేలో అక్కడి గ్రామసభ కూర్చుని, తమ ఊరిని ఎవరూ ఫోటో తీయరాదని తీర్మానించింది. తీస్తే 5 ఫ్రాంకుల జరిమానా. కారణం ఏమిటంటే, ఊరు మరీ అందంగా ఉంటుంది. ఆ ఫోటోలు చూసి, అక్కడికి రాలేనివాళ్లు కుమిలిపోతారు. పరాయివాళ్ల మనసు నొప్పించడం ఊరికి ఇష్టం లేదు.

ఇదంతా పర్యాటకులను రప్పించడానికి వేసిన ఎత్తుగడ అనీ, నిషేధం పుణ్యమా అని ఆ ఊరి ఫోటోలు లోకమంతా తిరిగాయనీ కొందరు అంటారు. అననివ్వండి. వాళ్లకు తోడల్లుళ్లు లేరు.

నాకు ఉన్నారు. నిరుడు జూలైలో ఆయన లౌటర్‌బ్రున్నెన్ లోయ నుంచి పదకొండు రోజుల్లో నాలుగు వందల ముప్పయి ఫోటోలు కుటుంబం గ్రూపులో పెట్టారు. ఆ లోయలో 72 జలపాతాలు ఉన్నాయని చెబుతారు. ఒక్కదాన్నీ ఆయన చిన్నబుచ్చలేదు, అన్నిటి ముందూ నిలబడ్డారు. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి దూకే స్టౌబాఖ్ జలపాతాన్ని 1779లో జర్మన్ కవి గోథే చూసి, కదిలిపోయి, పద్యం రాశాడు. మా తోడల్లుడు గారు అదే జలపాతం ముందు బొటనవేలు పైకెత్తి చూపించారు. ఆ ఫోటో నా ఫోనులో మోగిన సమయానికి నేను హైదరాబాద్‌లో మోకాలి లోతు వాననీటిలో ఆగిపోయిన స్కూటరు తోసుకుంటున్నాను. నీళ్లు నా మీదా పడుతున్నాయి. ఎవరూ పద్యం రాయలేదు.

అందుచేత ఈ వేసవికి ఆల్ప్స్‌లో ఏదో ఒక పల్లెకు సకుటుంబంగా వెళ్లాలని నిర్ణయించాను. ఇది విలాసం కాదని మనవి. కుటుంబంలో బలాబలాలు తప్పిన చోట వాటిని సరిచేయడం ఇంటి యజమాని ధర్మం.

మొదటి ప్రశ్న, ఏ పల్లె? జెర్మాట్, వెంగెన్, మ్యూరెన్ పేర్లు ముందుకొచ్చాయి. మూడూ కార్లు తిరగని ఊళ్లే. జెర్మాట్ వెళ్లేవాళ్లు 5 కిలోమీటర్ల ఇవతలే, టేష్‌లో, కారు వదిలేసి రైలెక్కాలి. వెంగెన్‌కు 1893 నుంచీ పళ్లపట్టాల రైలే దిక్కు. ఈ విశేషాలు నేను గర్వంగా చదివి వినిపిస్తుంటే మా మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మా ఊరికి పల్లెవెలుగు బస్సు వేయించడానికి ఇరవై రెండేళ్లు అర్జీలు పెట్టాం అల్లుడు గారూ. ఇద్దరు ఎమ్మెల్యేలు హామీ ఇచ్చి ఓడిపోయారు, ఒకాయన హామీ ఇవ్వకుండానే గెలిచాడు. చివరికి రోడ్డు పడింది, బస్సు వచ్చింది. ఇప్పుడు మీరు లక్షలు పోసి బండి వెళ్లని ఊరు వెతుకుతున్నారు. ఈ ముక్క అప్పుడే చెబితే ఊరిని అలాగే ఉంచేవాళ్లం కదా."

దీనికి సమాధానం నా దగ్గర లేదు. ఉన్నా, మామగారికి చెప్పేది కాదు.

మధ్యలో అల్బినెన్ వార్త ఒకటి ఇంట్లో అలజడి రేపింది. వలే రాష్ట్రంలోని ఈ ఊరు జనం తగ్గిపోతున్నారని 2017లోనే ఒక తీర్మానం చేసింది. వచ్చి కాపురం పెట్టే పెద్దలకు తలకు 25,000 ఫ్రాంకులు, పిల్లలకు 10,000 ఫ్రాంకులు ఊరే ఇస్తుంది. ఒక ఫ్రాంకు వంద రూపాయలు దాటిన రోజులివి. నాలుగు గంటల పాటు మా ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. ఐదో గంటలో మా అమ్మాయి షరతులు చదివింది. వయసు 45 లోపు ఉండాలి, పదేళ్లు అక్కడే ఉండాలి, రెండు లక్షల ఫ్రాంకులు తక్కువ కాకుండా ఇంటి మీద పెట్టాలి, విదేశీయులకైతే స్థిరనివాసపు అనుమతి ఉండాలి. నాకు 47. మిగతా షరతుల్లో కూడా తప్పేవాణ్ణే గానీ, వయసు దగ్గరే ఆగిపోవడం వల్ల పరువు దక్కింది.

రెండో ప్రశ్న, ఎప్పుడు? వేసవి సెలవుల్లో అని ఎవరైనా చెబుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మన వేసవి ఏప్రిల్ ఆఖరున మొదలై జూన్ 12న బడిగంటతో ముగుస్తుంది. ఆల్ప్స్‌లో మే నెల వేసవి కాదు, చలికాలమూ కాదు. అది రెండు సీజన్ల నడుమ సందు. మంచులో జారేవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, నడిచేవాళ్లు ఇంకా వచ్చి ఉండరు. కేబుల్ కార్లు చాలా వరకు మరమ్మతులకు ఆపేస్తారు, సగం హోటళ్లకు తాళం, వాటి యజమానులు సెలవు మీద ఎక్కడో సముద్రతీరంలో ఉంటారు. పై బాటల్లో పాత మంచు ఇంకా కరగదు. పోస్టుకార్డుల మీద కనిపించే ఆకుపచ్చ బీడు, అందులో ఆవు, ఆవు మెడలో గంట, ఇవన్నీ జూన్‌లో మందలు కొండెక్కితే గానీ సమకూరవు. సెప్టెంబరులో వాటికి పూలు కట్టి ఊరేగింపుగా దింపుతారు. మన సెలవులను విద్యాశాఖ నిర్ణయిస్తుంది, అక్కడి సీజన్‌ను ఆవులు నిర్ణయిస్తాయి. ఈ రెండు శాఖల మధ్య ఇప్పటి వరకు ఒక్క సమన్వయ సమావేశం కూడా జరగలేదు.

జూలైలో వెళదామంటే అమ్మాయి తొమ్మిదో తరగతి. "పదో తరగతి అయ్యాక వెళదాం" అన్నది మా ఆవిడ. తెలుగు ఇళ్లలో పదో తరగతి అయ్యాక ఇంటర్మీడియట్ వస్తుంది, ఇంటర్మీడియట్ అయ్యాక ఎంట్రన్సులు వస్తాయి, అవి అయ్యేసరికి పిల్లలే విదేశాలకు వెళ్లిపోతారు. మా తోడల్లుడు గారు వెళ్లింది కూడా అలాగే, అబ్బాయి జర్మనీలో చేరాక. కాబట్టి ఆ ఫోటోల వెనుక పన్నెండేళ్ల ట్యూషన్ ఫీజులు ఉన్నాయని నా అభిప్రాయం. గ్రూపులో రాయలేదు.

వీసా గురించి ఎక్కువ చెప్పను. 90 యూరోల ఫీజు, వేలిముద్రలు, బ్యాంకు లెక్కలు, సెలవు మంజూరు పత్రం. వీటన్నిటి సారం ఒక్కటే, నేను తిరిగి వచ్చేస్తానని వాళ్లను నమ్మించాలి. ఉదయం తొమ్మిదికి ఆఫీసుకు, సాయంత్రం ఏడుకు ఇంటికి ఇరవై రెండేళ్లుగా తిరిగి వస్తూనే ఉన్నాను. ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుందో తెలియదు. అయితే 30,000 యూరోలకు తగ్గకుండా ప్రయాణ బీమా చేయించమన్నారు, జబ్బు చేస్తే వైద్యానికి, ప్రాణం పోతే శవాన్ని వెనక్కి పంపడానికి. బతికి ఉండగా నా మీద ఇంత ఖర్చు ఎవరూ ఊహించలేదు. మనసు తడిసింది.

ఇక భోజనం. ఇక్కడ సంప్రదింపులు మూడు వారాలు సాగాయి. ఆవకాయ సీసాలు మూడు, కందిపొడి రెండు కిలోలు, నెయ్యి ఒక డబ్బా అని మా అత్తగారు ముసాయిదా తయారు చేశారు. ఐరోపా బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాలతో చేసినవి, మాంసంతో చేసినవి స్విట్జర్లాండ్‌లోకి తేకూడదు. అంటే ఆవకాయ వెళ్లవచ్చు, నెయ్యి ఆగిపోవాలి. ఆవుల దేశానికి ఆవు నెయ్యి తీసుకుపోవడం నేరం అని చెబితే ఆవిడ నమ్మలేదు. కందిపొడిలో నెయ్యి లేకుండా తినడం నేరం కాదా అని అడిగారు. ఏ న్యాయస్థానంలోనైనా నిలిచే వాదన.

అక్కడి వంటకం ఏదైనా తిందామా అన్నప్పుడు ఫాండ్యూ పేరు వచ్చింది. బల్ల మధ్య ఒక గిన్నె, గిన్నెలో కరిగిన చీజు, చుట్టూ కూర్చున్న అందరూ పొడవాటి పుల్లలకు రొట్టెముక్కలు గుచ్చి అందులోనే ముంచి తింటారు. మా అత్తగారు మొదటి వాక్యం దగ్గరే ఆపమన్నారు. ఒకే గిన్నెలో అందరూ, నోట పెట్టుకున్న పుల్లతోనే మళ్లీనా? అది ఎంగిలి కాదా? పైగా ఆ చీజును కరిగించడానికి తెల్ల వైన్ పోస్తారని మా అమ్మాయి నిజాయితీగా చెప్పేసింది. రొట్టెముక్క గిన్నెలో జారవిడిచినవాళ్లకు శిక్ష వేసే ఆచారం కూడా ఉంది. "ఎంగిలి చేసినందుకు శిక్ష లేదు గానీ జారవిడిచినందుకు ఉందా?" అన్నారు ఆవిడ. ఫాండ్యూ జాబితాలోంచి పోయింది.

నడక విషయంలో మాత్రం ఆ దేశం మనకు దగ్గర బంధువు అని తేలింది. అక్కడ 65,000 కిలోమీటర్ల నడకదారులు ఉన్నాయి, ప్రతి మలుపులో పసుపు పలకలు ఉన్నాయి, ఆ పలకల మీద దూరం ఉండదు, పట్టే సమయం ఉంటుంది. మన పల్లెల్లో దారి అడిగితే "చుట్ట కాల్చేంత దూరం" అన్నట్టే. తేడా ఒక్కటే. మన చుట్ట మనిషిని బట్టి సాగుతుంది, వాళ్ల ముప్పావు గంట మాత్రం ముప్పావు గంటే, దారిలో కూర్చోవడం అందులో కలపలేదు. మా మామగారి మోకాళ్లకు వాళ్ల గంటను ఎంతతో గుణించాలో ఇంకా తేలలేదు.

పై శిఖరాల సంగతి. యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషను 3,454 మీటర్ల ఎత్తున ఉంది. 1896లో తవ్వడం మొదలుపెట్టి, ఐగర్ కొండ కడుపులోంచి సొరంగం వేసి, 1912లో రైలు నడిపారు. తలపెట్టిన గుయెర్‌-జెల్లర్ 1899లోనే పోయాడు, పూర్తయిన రైలు చూడలేదు. అంత చరిత్రకు టికెట్టు వేసవిలో ఇంటర్‌లాకెన్ నుంచి మనిషికి 200 ఫ్రాంకులకు పైనే. దేశమంతా రైళ్లూ పడవలూ ఎక్కించే టూరిస్టు పాసు ఉంది కదా అంటారా, అది కొండ మొదట్లోనే చేతులు జోడించి పాతిక శాతం తగ్గింపు ఇచ్చి తప్పుకుంటుంది. ఐదుగురికి లెక్క వేసి కాగితం మడిచాను. ఇంతా చేసి పైకెక్కాక మబ్బు పడితే కనిపించేది తెలుపు ఒక్కటే. తెలుపు మా గోడకూ ఉంది. అందుకే టికెట్టు కొనే ముందు శిఖరం మీది కెమెరాలో ఆకాశం చూసుకుంటారు. ఆ కెమెరా హైదరాబాద్ నుంచి కూడా ఉచితంగానే కనిపిస్తుంది. మా అత్తగారు ఈ మధ్య రోజూ ఉదయం కాఫీతో పాటు దాన్ని చూస్తున్నారు. "ఇవాళ మంచు పట్టింది, మీరు వెళ్లి ఉంటే డబ్బు దండగయ్యేది" అని రోజుకింత మిగిలిస్తున్నారు.

ఒక పేరు మాత్రం నేనే కొట్టేశాను. ల్యోట్షెన్‌టాల్ లోయలో బ్లాటెన్ అనే ఊరు ఉండేది. 2025 మే 28న పైనున్న బిర్చ్ హిమానీనదం కూలి ఊరు దాదాపు మొత్తం మంచు, మట్టి, బండల కింద పోయింది. మూడు వందల మందిని కొన్ని రోజుల ముందే ఖాళీ చేయించారు, ఒక ఆవును హెలికాప్టరుతో ఎత్తి తరలించారు. ఇళ్లు, చర్చి, ఊరి పేరున్న బోర్డు, ఏవీ తరలించలేకపోయారు. ఫుర్కా కనుమ దగ్గర రోన్ హిమానీనదం అంచు మీద వేసవిలో తెల్లటి దుప్పట్లు పరుస్తారు, కరగడం కాస్త ఆగుతుందని. జ్వరపడిన మనిషికి కప్పినట్టు కొండకు కప్పడం చూశాక కొంతసేపు మా ఇంట్లో ఎవరూ లెక్కలు మాట్లాడలేదు.

తర్వాత మళ్లీ మాట్లాడాం. ఎందుకంటే ఐదు ఫ్రాంకుల సంగతి తేలలేదు.

బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అనే చిన్న ఊరు ఉంది. ఒక కొరియన్ సీరియల్‌లో అక్కడి చెక్క రేవు కనిపించడంతో జనం విరగబడ్డారు. 2023లో ఊరివాళ్లు రేవుకు తిరిగే గేటు బిగించి, లోపలికి 5 ఫ్రాంకులు పెట్టారు. అంటే ఇసెల్ట్‌వాల్డ్‌లో 5 ఫ్రాంకులు కడితేనే ఫోటో, బెర్గూన్‌లో ఫోటో తీస్తే 5 ఫ్రాంకులు. ఎటు తిరిగినా ఆల్ప్స్‌లో ఒక ఫోటో ఖరీదు ఐదే. ఆ ధరలో అక్కడ ఒక కప్పు కాఫీ వస్తుంది. మా తోడల్లుడు గారి నాలుగు వందల ముప్పయి ఫోటోలను ఈ రేటున కడితే 2,150 ఫ్రాంకులు. రెండు లక్షల రూపాయలకు పైన. ఇంత సొమ్ము చట్టం కళ్లు కప్పి కుటుంబం గ్రూపులోకి జారిపోయింది.

అందుకని యాత్ర వాయిదా వేసి, ముందుగా బెర్గూన్ పంచాయతీకి ఉత్తరం రాశాను. తమ తీర్మానంలో పేర్కొన్న బాధితుణ్ణి నేనేనని, పేరు రాయడం మరిచినట్టున్నారని తెలియజేశాను. ముద్దాయి తీసిన ఫోటోలు తమ ఊరివి కావనీ, లౌటర్‌బ్రున్నెన్ వేరే రాష్ట్రంలో ఉందనీ నాకు తెలుసు. కానీ బాధ రాష్ట్రాల సరిహద్దులు చూసుకుని కలగదు కనుక, ఈ ఒక్క కేసులో అధికార పరిధిని కాస్త సాగదీయమని వేడుకున్నాను. జరిమానా వసూలు చేయకపోయినా ఫరవాలేదు. ఆయన పేరున, వారి ముద్రతో, జర్మన్ భాషలో ఒక నోటీసు వస్తే చాలు. ఫోటో తీసి గ్రూపులో పెట్టుకుంటాను.