డాడ్జ్ ఛార్జర్ కారును మనిషిని చేద్దాం రండి

రేసింగ్ గేముల్లో పాత అమెరికన్ మజిల్ కార్లను, అంటే పెద్ద ఇంజిన్ల బలశాలి కార్లను, ట్యూన్ చేసేవాళ్లంటే లోకానికి చులకన. అర్ధరాత్రి దాటాక కూడా స్క్రీన్ ముందు కూర్చుని, వెనక యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) స్లైడర్‌ను ఇంకో గీత జరపాలా వద్దా అని తల పట్టుకున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లు "ఆటేగా, ఇక పడుకో" అంటారు. ఆట కాదు మహాప్రభో, సంఘ సంస్కరణ. తిన్నగా పోవడం తప్ప ఇంకేమీ రాని, చెప్పిన మాట చెవినెక్కని ఓ మొండిఘటాన్ని చేరదీసి, మనిషిని చేసి, నలుగురిలో నిలబెట్టే పని. ఇలాంటి పనికి సన్మానం చేయకపోతే పోయె, నిద్రపొమ్మంటారా?

1969 డాడ్జ్ ఛార్జర్ ఆర్/టీ సంగతే తీసుకోండి. బానెట్ కింద 440 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే 7.2 లీటర్లు, కంపెనీ లెక్కలో 375 హార్స్‌పవర్. అంత ఇనుము ముందు మోస్తోంది కాబట్టి బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే. వెనక చూస్తే రెండు చక్రాలకీ కలిపి ఒకటే ఇరుసు, దాన్ని పట్టుకుని లారీలకు ఉండే రకం కమాన్ పట్టీలు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఆ ఇరుసు మెలి తిరగబోతుంది, పట్టీలు ఎస్ ఆకారంలో వంగుతాయి, వెంటనే విదిలించుకుని వెనక్కొస్తాయి, మళ్లీ వంగుతాయి, ఈ గొడవలో టైరు నేలను పట్టుకోవడం మానేసి గంతులేస్తుంది. పక్క లైన్లోంచి ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ చడీచప్పుడూ లేకుండా ముందుకెళ్లిపోతుంది.

ఇక మలుపు. బ్రేకు నొక్కగానే ముక్కు నేలకు వంగుతుంది, తోక లేస్తుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే, మీ విన్నపం అందింది, పరిశీలిస్తాం అన్నట్టుగా మరికొంత దూరం తిన్నగానే పోతుంది. విసుగొచ్చి మళ్లీ యాక్సిలరేటర్ ట్రిగ్గర్ నొక్కామా, వెనక భాగం చుట్టూ తిరిగొచ్చి మన కారును మన కారే ఓవర్‌టేక్ చేయబోతుంది. ఒకే మలుపులో ముక్కు తిరగని అండర్‌స్టీర్, తోక తిరిగిపోయే ఓవర్‌స్టీర్ రెండూ ఇవ్వగలిగిన ఉదారత ఆధునిక కార్లలో లేదు.

సంస్కర్త రంగంలోకి దిగేది ఇక్కడే. మొదట టైర్లు మారతాయి, అందులో తప్పేముంది, పాతవి ఎలాగూ పట్టవు. తర్వాత సస్పెన్షన్. తర్వాత బ్రేకులు. గేర్‌బాక్స్ పాతదైపోయింది కాబట్టి అదీ. బరువు ఎక్కువ కాబట్టి లోపలి సీట్లు, తివాచీలు పీకేయడం. ముందు బరువు మరీ ఎక్కువగా ఉందంటే దానికి కారణం ఆ వీ8, కాబట్టి దాని బదులు ఇంకో ఇంజిన్. అన్నీ అయ్యాక కూడా స్టార్టింగ్‌లో వెనక చక్రాలు జారుతున్నాయి కాబట్టి ఆల్ వీల్ డ్రైవ్. ఇప్పుడు ఛార్జర్ బుద్ధిగా తిరుగుతుంది, బుద్ధిగా ఆగుతుంది, ఎవరినీ ఏమీ అనదు. ఛార్జర్ అనడానికి మిగిలింది రేకు, పెయింటు. మరి మొదట్లోనే బాగా తిరిగే కారు ఒకటి కొనుక్కుని ఉండొచ్చుగా అని కొందరు అడుగుతారు. పుట్టుకతోనే బుద్ధిమంతుడైనవాణ్ణి పట్టుకుని సంస్కరించడంలో ఏం ఘనత ఉందో వాళ్లే చెప్పాలి.

ఈ ఉద్యమానికి గట్టి రాజ్యాంగం కూడా ఉంది. ఫోర్జా హొరైజన్ 5 అనే గేములో కారు సత్తాను బట్టి పాయింట్లు, పాయింట్లను బట్టి క్లాసు. అందులో 'ఏ' క్లాస్ అంటే 701 నుంచి 800 పాయింట్ల దాకా. 801 అయితే పై క్లాసైన ఎస్1లో పడతాం, అక్కడ అసలు సిసలు రేసు కార్లు మనల్ని నమిలేస్తాయి. అందుకని 800 కచ్చితంగా కొట్టాలి. 799 దగ్గర ఆగిన కారును వేసుకుని ఆన్‌లైన్ రేసుకెళ్లడమంటే సగం గడ్డం గీసుకుని పెళ్లికెళ్లడమే. ఆ ఒక్క పాయింటు కోసం జరిగే కృషి చూసి తీరాలి: క్యామ్‌షాఫ్ట్ పెడితే 803, తీసేస్తే 796, తేలికైన రిమ్ములు వేస్తే 798, ముందు టైరు ఒక సైజు వెడల్పు చేస్తే 799, ఇక ఫ్లైవీల్ మీద ఆశలు పెట్టుకుని మెనూలో పైకీ కిందికీ తిరగడం. చివరికి కుదిరిన రిమ్ములు చూడటానికి ఘోరంగా ఉంటాయి. సంస్కర్త అందం చూడడు.

పాయింట్లు కుదిరాక అసలు తపస్సు మొదలవుతుంది. ముందు యాంటీ రోల్ బార్ మెత్తగా, వెనకది గట్టిగా పెడితే ముక్కు తిరుగుతుంది. ఇంకాస్త గట్టిగా పెడితే తోక కూడా తిరుగుతుంది, అది మనం అడగలేదు. రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ లాక్ పెంచితే రెండు వెనక చక్రాలూ కలిసి లాగుతాయి, అంటే కలిసే జారుతాయి కూడా. ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి గేరు నిష్పత్తి) పొట్టి చేస్తే పికప్ అదిరిపోతుంది, కాకపోతే పొడవాటి రోడ్డు సగంలోనే టాప్ గేరు అయిపోయి ఇంజిన్ అరుస్తూ కూర్చుంటుంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది, దాన్ని సరిచేయబోతే మొదటిది గుర్తుకొస్తుంది. తెల్లవారుజాముకు ల్యాప్ టైము కొద్దిగా తగ్గుతుంది, అది ట్యూనింగ్ వల్లా, లేక అదే మలుపు అన్నిసార్లు తిరగడం వల్లా అని సంస్కర్తను అడగడం మర్యాద కాదు.

చరిత్ర కూడా మన పక్షమే. క్లాసు గీత దాటకుండా ఇరుక్కునే విద్య గేమర్లు కనిపెట్టింది కాదు. అమెరికాలోని ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజిన్ 5 లీటర్లు మించకూడదని నిబంధన ఉంటే, షెవర్లే వాళ్లు 327 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బ్లాకులో 283 అంగుళాల ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ పెట్టి సరిగ్గా 302 క్యూబిక్ అంగుళాలకు దింపారు, గీత 305 దగ్గరుంది, 5 లీటర్లంటే అదే. 1967 కమారో జెడ్/28 అలా పుట్టింది. దానికి కాగితం మీద రాసిన బలం 290 హార్స్‌పవర్. అసలు బలం అంతకంటే బాగా ఎక్కువని తెలిసినవాళ్లందరికీ తెలుసు, బలం ఎక్కువ రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లకు కూడా తెలుస్తుంది. మిగతా చాలా కార్ల అంకెలు దీనికి రివర్సు, ఉన్నదానికంటే ఎక్కువ: ఇంజిన్‌ను విడిగా స్టాండు మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, మఫ్లర్ లాంటి బాదరబందీ ఏదీ తగిలించకుండా కొలిచేవాళ్లు. 1972 మోడళ్ల నుంచి అన్నీ తగిలించి కొలవమనేసరికి అంకెలు నేల చూపులు చూశాయి. ఇంతటి వారసత్వం ఉన్నవాళ్లం, మాకు స్లైడర్లు జరపడం నేర్పుతారా?

డాడ్జ్ కూడా తక్కువ తినలేదు. ఛార్జర్ లోపలికి కుంగిన గ్రిల్లు, కుంగిన వెనక కిటికీ అద్దం గాలికి పట్టుబడుతున్నాయని 1969లో తనే దానికి కోసు ముక్కు, 23 అంగుళాల ఎత్తు రెక్క తగిలించి, డేటోనా అని పేరు పెట్టి నాస్కార్ రేసులకు పంపింది. 1970 మార్చిలో అమెరికాలోని టల్లడేగా ట్రాక్ మీద డ్రైవర్ బడ్డీ బేకర్ దాంతో గంటకు 200 మైళ్లు దాటాడు. కాకపోతే అక్కడ మలుపుల దగ్గర రోడ్డునే 33 డిగ్రీలు వంచి కట్టారు. కారును వంచడం కంటే రోడ్డును వంచడం తేలికని తేల్చుకున్నారన్నమాట. గేములో మనకు ఆ సౌకర్యం లేదు, ఉన్న రోడ్డు మీదే కారును వంచుకోవాలి.

ఉద్యమ ద్రోహులు కొందరున్నారు, వాళ్ల గురించి చెప్పక తప్పదు. కారు కొంటారు, ఏమీ మార్చరు. పోనీ టైర్లయినా మార్చండయ్యా అంటే వినరు. మలుపుకు చాలా ముందే బ్రేకు వేస్తారు, కారును పక్కకు వాల్చి, థ్రాటిల్‌ను వేలి చివరతో నెమ్మదిగా తట్టుతూ పొగలో తేలి బయటికొస్తారు, ఆరో స్థానంలో రేసు ముగించి పగలబడి నవ్వుతారు. లీడర్‌బోర్డులో పేరు లేకుండా మనిషికి అంత సంతోషం ఎలా వస్తుందో విచారణ జరిపించాలి. ఇంకో రకం వాళ్లు ఎవరో చేసిన ట్యూన్ దించుకుని నేరుగా గెలుస్తారు. వాళ్లతో మనకు పేచీ లేదు, దించుకున్నది మన ట్యూన్ అయితే.

ఇన్ని చేశాక సంస్కరించిన ఛార్జర్‌లో ఒకే ఒక్క లోటు కనిపిస్తోంది. గ్రిడ్ మీద నిలబడి రైజ్ చేస్తే వీ8 గుడగుడకు బదులు వేరే ఏదో సన్నటి ఈల వినిపిస్తోంది, దాంతో మజిల్ కారు నడుపుతున్న అనుభూతి దెబ్బతింటోందని మన సంస్కర్తల్లోనే గొణుగుడు మొదలైంది. కాబట్టి గేము తయారుచేసేవాళ్లకు ఇందుమూలముగా విజ్ఞప్తి: బానెట్ కింద ఏ ఇంజిన్ ఉన్నా సరే, శబ్దం మాత్రం 1969ది వచ్చేలా ఒక స్లైడర్ ఇవ్వండి. దానికి పాయింట్లు మాత్రం పట్టుకోకండి, ఇప్పటికే 800 మీద ఉన్నాం. మరీ తప్పదంటే వెనక టైరు ఒక సైజు తగ్గించుకుంటాం.